అగేట్ క్రీక్‌లో చేత్తో తవ్వి అగేట్ రాళ్లు తీయడం ఎలా?

మా ఇంటి కిటికీ గట్టు మీద వరసగా పెట్టిన రాళ్లను చూసినవాళ్లందరూ అడిగేది ఒకటే. "ఇవి మీరే తవ్వారా? మేమూ వెళ్లొచ్చా?" బ్రిస్బేన్‌లో ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, టౌన్స్‌విల్‌లో చదువుకునే పిల్లలు, సెలవులకు కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వచ్చిన పెద్దవాళ్లు, అందరిదీ ఇదే ప్రశ్న. ఫోన్లో ఒక్కొక్కరికీ విడిగా చెబుతుంటే ఏదో ఒకటి మర్చిపోతున్నాను. మర్చిపోయిన సంగతి మంచినీళ్ల గురించో పాముల గురించో అయితే ప్రమాదం. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

అగేట్ క్రీక్ ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్ ఉత్తర భాగంలో ఉంది. కెయిర్న్స్ నుంచి పడమరగా సవన్నా వే అనే హైవే మీద జార్జ్‌టౌన్ చేరాలి. అక్కడి నుంచి దక్షిణంగా 40 కిలోమీటర్లు వెళ్తే ఫోర్‌సైత్ అనే చిన్న ఊరు. అది దాటాక దాదాపు 70 కిలోమీటర్ల మట్టిరోడ్డు, చుట్టూ పశువుల మేత భూములు. ఇలా సరదాగా రాళ్లు వెతుక్కోవడాన్ని అక్కడివాళ్లు ఫాసికింగ్ అంటారు. దానికోసమే ప్రభుత్వం కేటాయించిన నేల ఇది.

మనవాళ్లకు అగేట్ కొత్త కాదు. ఉంగరాల్లో హకీక్ అని, సులేమానీ రాయి అని పెట్టుకునేది దీన్నే. పెర్మియన్ యుగంలో, అంటే 25 కోట్ల ఏళ్లకు ముందే, ఇక్కడ లావా పారింది. అది చల్లబడేటప్పుడు లోపల గాలి బుడగలు ఉండిపోయాయి. ఆ ఖాళీల్లోకి సిలికా కలిసిన నీరు ఊరుతూ, పొర మీద పొర పేరుకుంటూ గట్టిపడింది. చుట్టూ ఉన్న నల్లరాయి కాలక్రమంలో మెత్తబడి మట్టి అయింది. లోపలి గడ్డలు మాత్రం అలాగే మిగిలాయి. మనం తవ్వి తీసేది ఆ గడ్డల్నే. పనికి ఇంత తెలిస్తే చాలు.

ముందే ఒక మాట చెప్పాలి. ఈ పనిలో ముప్పాతిక వంతు కళ్లదే. చేతులకు మిగిలేది పావు వంతు. బండి దిగిన ఐదో నిమిషంలో పలుగు పట్టుకున్నవాళ్లు సాయంత్రానికి చేతులకు బొబ్బలతో, ఖాళీ సంచితో తిరిగి రావడం చాలాసార్లు చూశాను.

ఏమేం కావాలి

తవ్వడానికి:
- పొట్టి పిడి ఉన్న చిన్న పలుగు (పికాక్స్). కూర్చుని వాడగలిగేలా ఉండాలి. పొడుగు పిడిది ఒకటి చాలు, అది కూడా ఇద్దరు ముగ్గురు ఉంటేనే.
- మీటరు పొడవు గడ్డపార
- చిన్న పార, మట్టి ఎత్తడానికి ప్లాస్టిక్ బకెట్ లేదా గమేళా
- ఒక కిలో సుత్తి, రెండు ఉలులు
- పెద్ద స్క్రూడ్రైవర్, పాతదైతే మంచిది. గడ్డ చుట్టూ మట్టి గీకడానికి నేను దీన్నే ఎక్కువగా వాడతాను.
- సెంటీమీటరు కన్నాల జల్లెడ
- నీళ్లు చిమ్మే స్ప్రే సీసా, గట్టి బ్రష్
- పాత వార్తాపత్రికలు, గట్టి సంచులు, మార్కర్ పెన్ను

ఒంటికి: కళ్లద్దాలు (మామూలు చలువ అద్దాలు కాదు, పక్కలు మూసి ఉండే సేఫ్టీ అద్దాలు), తోలు చేతి తొడుగులు, చీలమండ దాటే బూట్లు, పొడుగు చేతుల చొక్కా, వెడల్పు టోపీ, మోకాళ్ల కింద వేసుకోవడానికి స్పాంజి ముక్క.

ప్రాణానికి: మనిషికి రోజుకు కనీసం 10 లీటర్ల నీళ్లు. దాని మీద రెండు రోజులకు సరిపడా అదనం. రెండు స్పేర్ టైర్లు, గాలి కొట్టే పంపు. గట్టిగా సాగే వెడల్పాటి బ్యాండేజీలు కనీసం మూడు, ఇవి పాము కాటుకు. ఉపగ్రహానికి సంకేతం పంపే పీఎల్‌బీ బీకన్ లేదా శాటిలైట్ ఫోన్. ఈ జాబితాలో ఏదైనా తగ్గించాలనిపిస్తే పైన తవ్వే సామాన్లలో తగ్గించండి. ఇందులో వద్దు.

1. లైసెన్స్ తీసుకోండి

క్వీన్స్‌లాండ్‌లో ఫాసికింగ్‌కు లైసెన్స్ తప్పనిసరి. 1994 నాటి ఫాసికింగ్ చట్టం కింద ఇస్తారు. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. నెలకు, ఆరు నెలలకు, ఏడాదికి వేరువేరుగా ఉంటాయి. ఒక్కరికి ఒకటి, కుటుంబానికి ఒకటి ఉంటుంది కాబట్టి పిల్లలతో వెళ్తుంటే కుటుంబ లైసెన్స్ తీసుకోండి. ప్రింటు తీసి బండిలో పెట్టుకోండి. అక్కడ ఫోన్లో తెరిచి చూపిద్దామంటే నెట్ ఉండదు.

ఫాసికింగ్ కోసం ప్రకటించిన నేలలో విడిగా ఎవరి అనుమతీ అక్కర్లేదు. గీత దాటి పక్క స్టేషన్ భూమిలోకి వెళ్తే మాత్రం యజమాని రాతపూర్వక అనుమతి కావాలి. అక్కడ స్టేషన్ అంటే వేల ఎకరాల పశువుల క్షేత్రం. హద్దుల మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

చేతి పనిముట్లు మాత్రమే వాడాలి. యంత్రాలు నిషేధం. ఎంత లోతు దాకా తవ్వొచ్చో లైసెన్స్ షరతుల్లో ఉంటుంది, చదవండి. సొరంగంలా పక్కకు తొలవడం కూడా నిషేధం. ఎందుకో ఐదో మెట్టులో చెబుతాను. ఇది సరదా కోసం ఇచ్చే లైసెన్స్, వ్యాపారానికి కాదు. "తవ్వి అమ్ముకుంటే ఎంత వస్తుంది?" అని అడిగేవాళ్లకు నా సమాధానం: పెట్రోలు ఖర్చు కూడా రాదు. డబ్బు కోసమైతే వెళ్లకండి.

2. కాలం చూసుకోండి, దారి కనుక్కోండి

మే నుంచి సెప్టెంబరు దాకా మంచి కాలం. జూన్, జులైల్లో పగలు 28 డిగ్రీల దగ్గర ఉంటుంది, తెల్లవారుజామున చలి వేస్తుంది. అక్టోబరు నుంచి ఎండ మండిపోతుంది. ఆ తర్వాత మార్చి దాకా వానాకాలం. వాగులు పొంగి రోడ్లు మూసేస్తారు. నల్లరేగడి నేలలో వాన పడితే బండి ఎలా దిగబడుతుందో కర్నూలు, ఆదిలాబాద్ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఇక్కడా అదే మట్టి చాలాచోట్ల ఉంది.

నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే (ఫోర్ వీల్ డ్రైవ్) ఎత్తయిన బండి కావాలి. అద్దె బండి అయితే మట్టిరోడ్డు మీద నడపడానికి ఒప్పందంలో అనుమతి ఉందో లేదో చూసుకోండి. చాలా ఒప్పందాల్లో ఉండదు. మట్టిరోడ్డు మీద ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వర్తించదు, మొత్తం మీ నెత్తిన పడుతుంది.

జార్జ్‌టౌన్‌లో ట్యాంకు నింపుకోండి. సూర్యాస్తమయం తర్వాత నడపకండి. కంచెలు లేని దారులవి, ఆవులు, కంగారూలు అడ్డం వస్తాయి. ఎదురుగా రోడ్ ట్రైన్ వస్తే, అంటే మూడు ట్రెయిలర్లు కట్టిన లారీ, వేగం తగ్గించి ఎడమకు పూర్తిగా జరగండి. అది 50 మీటర్లు దాటి పొడవుంటుంది. దాని దుమ్ములో ముందు ఏమీ కనిపించదు.

దారిలో గేట్లు వస్తాయి. మూసి ఉన్నది దాటాక మూయాలి, తెరిచి ఉన్నది తెరిచే ఉంచాలి. మంచి చేద్దామని తెరిచి ఉన్న గేటు మూస్తే అవతల మందకు నీళ్లు అందకపోవచ్చు.

బస ఎక్కడ చేయవచ్చో ఫోర్‌సైత్ చేరకముందే ఫోన్ చేసి ఖాయం చేసుకోండి. ఇష్టం వచ్చిన చోట టెంటు వేయడం కుదరదు. ఎన్నింటికి తిరిగి వస్తారో ఊళ్లో ఒకరికి చెప్పి వెళ్లండి. వచ్చాక వచ్చామని చెప్పడం మర్చిపోకండి. లేకపోతే మీరు హాయిగా నిద్రపోతుంటే వాళ్లు మీకోసం వెతుకుతుంటారు.

3. జార్జ్‌టౌన్‌లో ఒక గంట ఆగండి

దీన్ని చాలామంది వదిలేస్తారు. జార్జ్‌టౌన్‌లో టెర్రెస్ట్రియల్ సెంటర్ ఉంది. అందులో టెడ్ ఇలియట్ సేకరించిన వేలాది ఖనిజాలు చూడొచ్చు. అగేట్ క్రీక్ రాళ్లూ ఉన్నాయి. కోసి మెరుగు పెట్టిన ముఖాన్ని అందరూ చూస్తారు. మీరు రాయి వెనక్కి, పక్కలకు, పైతోలు మీదికి చూపు పోనివ్వండి. మట్టిలో మీకు కనిపించేది ఆ తోలే. ఆ చూపు పట్టుబడితే మిగతా పని సగం తగ్గుతుంది.

4. మొదటి పూట తవ్వకండి, నడవండి

పలుగు బండిలోనే ఉంచండి. స్ప్రే సీసా, ఒక సంచి పట్టుకుని పొద్దున ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు బయల్దేరండి. సూర్యుడికి ఎదురుగా నడవాలి. అగేట్ ముక్కలకు వెలుతురు తగిలితే అంచులు వెలుగుతాయి. ఎండ వీపున ఉంటే ఆ మెరుపు కనిపించదు.

ఎక్కడ చూడాలి? ముందు వాన కోసిన చిన్న చిన్న గండ్లలో. వానాకాలం పోయిన కొత్తలో వెళ్తే కొత్తగా కడిగిన రాళ్లు అక్కడే పైకి తేలి ఉంటాయి. తర్వాత, పాతవాళ్లు తవ్వి పోసిన మట్టికుప్పల మీద. వాళ్లు తొందరలో వదిలేసినవి, మట్టి పట్టి ఉండి గుర్తించలేకపోయినవి వానకు కడిగి బయటపడతాయి. కొత్తవాళ్లకు, పిల్లలకు, నడుం నొప్పి ఉన్నవాళ్లకు ఈ కుప్పలే చాలు. మా అత్తగారు 68 ఏళ్ల వయసులో ఒక స్టూలు వేసుకుని కుప్ప పక్కన కూర్చుని, చేతికర్రతో గెలుకుతూ తీసిన రాళ్లు నేను రోజంతా తవ్వి తీసినవాటికంటే బాగున్నాయి.

ముక్కలు కనిపించాక వాటి వెంట పోవాలి. ఇదే అసలు విద్య. వాలు మీద అగేట్ పెంకులు కనిపిస్తే అవి పైనుంచి జారినవే. ఒక్కో ముక్క ఎక్కడ దొరికిందో అక్కడ చిన్న కర్రపుల్ల గుచ్చుతూ పైకి నడవండి. ముక్కలు దగ్గర దగ్గరగా, పెద్దగా, అంచులు పదునుగా అవుతూ వస్తాయి. ఒకచోట ఒక్కసారిగా ఆగిపోతాయి. అక్కడి నుంచి వెనక్కి తిరిగి పుల్లల వరసను చూస్తే విసనకర్రలా కనిపిస్తుంది. దాని పిడి ఎక్కడ కలుస్తుందో అక్కడ తవ్వాలి.

ఒక హెచ్చరిక. ఇది ఆస్ట్రేలియా ఆదివాసీలైన ఎవామియన్ ప్రజల నేల. వాళ్ల పూర్వీకులు ఇలాంటి రాళ్లనే చెక్కి పనిముట్లు చేసుకున్నారు. ఒకవైపు వరసగా చిన్న చిన్న పెచ్చులు లేపిన, చేతిలో పట్టుకుంటే వేళ్లకు సరిగ్గా అమరే పల్చటి రాతి బిళ్ల కనిపిస్తే దాన్ని చూసి అక్కడే వదిలేయండి. ఫొటో కోసం కూడా చోటు మార్చకండి. చట్టం రక్షించే వస్తువు అది. చట్టం లేకపోయినా, ఒక మనిషి చేతిపని అది. మనం తీసుకోవలసింది కాదు.

5. తవ్వడం

a) చోటు ఎంచుకున్నాక చుట్టూ ఉన్న గడ్డి పొదల్ని కర్రతో తట్టండి. పలక రాయిని ఎత్తేటప్పుడు మీవైపుకు ఎత్తకండి. అవతలి అంచు నేల మీదే ఉంచి, ఇవతలి అంచు కింద గడ్డపార పెట్టి అవతలికి తిప్పేయండి. కింద తేలు, జెర్రి, పాము ఏది ఉన్నా మీ కాళ్ల వైపు రాకూడదు.

b) పైమట్టిని విడిగా ఒక కుప్పగా పోయండి. చివర్లో గొయ్యి పూడ్చేటప్పుడు అదే పైన రావాలి, గడ్డి మొలవడానికి.

c) వాలు కిందినుంచి మొదలుపెట్టి పైకి తవ్వుకుంటూ వెళ్లండి. మీ ముందు మోకాలెత్తు మట్టిగోడ తయారవుతుంది. ఆ గోడను చూస్తూ పని చేయాలి. నిలువుగా బావిలా గొయ్యి తీస్తే మట్టి పైకి ఎత్తడానికే ఓపిక అయిపోతుంది, రాయి కనిపించదు కూడా. తవ్విన మట్టిని ఇంకా తవ్వని నేల మీద పోయకండి. రేపు మళ్లీ దాన్నే ఎత్తిపోయాలి.

d) పలుగు దెబ్బ గట్టిగా వేయకండి. పాడైన నల్లరాయి చేత్తో నలిపితే నలిగేంత మెత్తగా, గోధుమ, ఊదా, పచ్చ చారలతో ఉంటుంది. గోడ పైభాగంలో పలుగు మొన దింపి మెల్లగా మీవైపు లాగితే పెళ్లలుగా ఊడుతుంది. దెబ్బ వేసినప్పుడు ధప్‌మంటే మట్టి. టంగ్‌మంటే వెంటనే ఆపండి. అది అగేట్ కావచ్చు.

e) ఆ చప్పుడు విన్నాక పలుగు పక్కన పెట్టి స్క్రూడ్రైవర్ తీసుకోండి. గడ్డ చుట్టూ రెండు వేళ్ల వెడల్పు వదిలి మట్టి గీకుతూ రండి. చంటిపిల్లకు తల దువ్వినంత మెల్లగా గీకాలి. మూడువైపులా ఖాళీ అయ్యాక చేత్తో ఊపి చూడండి. ఊగకపోతే ఇంకా గీకాలి. గడ్డ మీద గడ్డపార ఆనించి ఎత్తకూడదు.

ఈ మాట ఎందుకు ఇంత నొక్కి చెబుతున్నానంటే, మొదటి ఏడాది మూడో రోజు సాయంత్రం నాకు కొబ్బరికాయంత గడ్డ కనిపించింది. ఆలివ్ పచ్చ తోలు, మట్టిగోడలో సగం దాకా బయటికి వచ్చి ఉంది. చీకటి పడుతోంది, మర్నాడు తిరుగు ప్రయాణం. తొందరలో గడ్డపార పెట్టి ఎత్తాను. లోపల కుంకుమ రంగు, దాని చుట్టూ పాలమీగడ రంగు, మళ్లీ ఊదా, మధ్యలో చిటికెడు చోటులో పంచదార పలుకుల్లాంటి స్ఫటికాలు. మూడు ముక్కలైంది. మట్టిలో అన్ని కోట్ల ఏళ్లు చెక్కుచెదరకుండా ఉన్నది నా చేతిలో అర నిమిషం కూడా నిలవలేదు. ఆ మూడు ముక్కలూ ఇప్పటికీ కిటికీ గట్టు మీదే, కలిపి ఉంచాను. చీకటి పడుతుంటే మట్టి కప్పి, గుర్తు పెట్టి, మర్నాడు పొద్దున్నే రండి. ప్రయాణం ఒక పూట ఆలస్యమైనా ఫర్వాలేదు.

f) గోడ కింద తొలుచుకుంటూ లోపలికి పోకండి. మంచి రాయి కనిపించినకొద్దీ ఇంకా లోపలికి చెయ్యి పెట్టాలనిపిస్తుంది. పైమట్టి హెచ్చరిక లేకుండా కూలుతుంది. ఒక ఘనపు మీటరు మట్టి టన్నున్నర దాకా తూగుతుంది. రాయి లోపల ఉంటే పైనుంచి మట్టి తీసుకుంటూ దాని దాకా రావాలి. షరతుల్లో ఎంత లోతు ఉన్నా, గొయ్యిలో నడుం లోతు దాటకూడదన్నది మా ఇంటి నియమం. ఒంటరిగా తవ్వకూడదన్నది రెండో నియమం.

g) గంటకోసారి ఆగి నీళ్లు తాగండి. దాహం వేసేదాకా ఆగకండి. పొడి గాలిలో చెమట పట్టినట్టే తెలియదు. పదకొండు నుంచి మూడు దాకా నీడలో ఉండండి. తీసిన రాళ్లు కడుక్కోవడానికి ఆ సమయం సరిపోతుంది.

6. అగేటో కాదో ఎలా తెలుస్తుంది?

ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. మట్టి పట్టి ఉన్నప్పుడు ప్రతి గుండ్రాయీ అగేట్‌లాగే ఉంటుంది. నేను ఈ వరసలో చూస్తాను:

తోలు: కడిగాక పైతోలు నారింజ తొక్కలా చిన్న చిన్న గుంటలతో ఉండాలి. ఆకారం చామదుంపలా, బంగాళదుంపలా ఉంటుంది. పచ్చటి పూత ఉండటం మామూలే. మామూలు నల్లరాయి పైన గరుకుగా ఉంటుంది గానీ ఈ గుంటలు ఉండవు.

అంచు: ఎక్కడైనా సహజంగా పెచ్చు లేచి ఉంటే నీళ్లు చిమ్మి, ఎండకు అడ్డంగా పెట్టి చూడండి. లేత తాటిముంజలోంచి వెలుతురు వచ్చినట్టు రావాలి. విరిగిన చోట మైనం నిగారింపు ఉంటుంది.

గీత: స్టీలు కత్తి మొనతో గీయండి. అగేట్ మీద గీత పడదు, కత్తి ఇనుము బూడిదరంగు చారగా అంటుకుంటుంది. దాన్ని గీత అనుకోకండి, వేలితో తుడిస్తే పోతుంది. నిజంగా గాడి పడితే అది కాల్సైట్ అనే మెత్తటి ఖనిజం కావచ్చు. దానిమీద వెనిగర్ చుక్క వేస్తే సన్నగా బుడగలు వస్తాయి.

బరువు: దీన్ని నమ్మి మోసపోతారు. "బరువుగా ఉంది, లోపల ఏదో ఉంది" అంటారు. అగేట్ కంటే మామూలు నల్లరాయే బరువు. అదే పరిమాణం ఉన్న రాళ్లలో మరీ తేలిగ్గా ఉన్నది లోపల గుల్ల కావచ్చు. గుల్లలో స్ఫటికాలు ఉండొచ్చు కాబట్టి అలాంటివి పడేయకండి.

పగుళ్లు: రాయిని బాగా తడిపి నీడలో ఆరనివ్వండి. పైన అంతా ఆరిపోయాక కూడా సన్నటి గీతల్లో తడి నల్లగా మిగిలి ఉంటే అవి పగుళ్లు. లోపలికి ఎంత దూరం పోయాయో పైకి తెలియదు. అలాంటి రాయి రంపం మీద పెట్టినప్పుడు విడిపోతుంది. నిండా పగుళ్లున్నవాటిని అక్కడే వదిలేయండి.

ఇవన్నీ చూశాక కూడా "ఒకసారి పగలగొట్టి చూద్దాం" అనిపిస్తుంది. వద్దు. సుత్తి దెబ్బకు అగేట్ సమంగా రెండుగా విడిపోదు. గాజులా పెచ్చులు లేస్తుంది, విడిపోని భాగంలో కూడా కంటికి కనిపించని బీటలు పడతాయి. పిల్లలు అడిగితే, అప్పటికే పగుళ్లున్న రాయి ఒకటి ఇచ్చి, అద్దాలు పెట్టించి, దూరంగా కొట్టనివ్వండి. అగేట్ పెచ్చు అంచు కత్తికంటే పదును. కంట్లో పడితే ఆసుపత్రి వందల కిలోమీటర్ల దూరం.

7. ఏదైనా జరిగితే

పాము కరిస్తే: మనిషిని కదలనివ్వకండి. కాటు కడగకండి, కోయకండి, పీల్చకండి. కాటు మీద బ్యాండేజీ గట్టిగా చుట్టి, తర్వాత వేళ్ల నుంచి మొదలుపెట్టి చెయ్యి లేదా కాలు పొడవునా చుట్టుకుంటూ వెళ్లండి. బెణికిన చీలమండకు కట్టేంత బిగువు చాలు. కర్ర కట్టి కదలకుండా చేయండి. అక్కడి అత్యవసర నంబరు 000కు ఫోన్ అందకపోతే బీకన్ నొక్కండి. మన ఊళ్లలో చేసినట్టు తాడు కట్టకండి.

బండి ఆగిపోతే: బండి వదిలి నడిచి వెళ్లకండి. నీడ, నీళ్లు, పైనుంచి చూసేవాళ్లకు కనిపించే ఆకారం, మూడూ బండి దగ్గరే ఉన్నాయి.

8. గొయ్యి పూడ్చండి

రాళ్లు కింద, మట్టి పైన, పక్కన పెట్టిన పైమట్టి అన్నిటికంటే పైన. కాళ్లతో తొక్కి చదును చేయండి. తెరిచి వదిలిన గొయ్యిలో పశువు కాలు పడితే విరుగుతుంది. కాలు విరిగిన ఆవును అక్కడ బతికించరు.

9. ఏరుకోండి, కట్టుకోండి

చివరి సాయంత్రం గోనెపట్టా పరిచి అన్నీ పోసి కూర్చోండి. పగుళ్లున్నవి, లోపల బూడిదరంగు తప్ప ఏమీ కనిపించనివి, పిడికిలి కంటే చిన్నవి చాలావరకు వదిలేయండి. తవ్విందంతా బండెక్కిస్తే మట్టిరోడ్డు మీద టైర్లే నష్టపోతాయి. మిగిలినవాటిని ఒక్కోటి పత్రికలో చుట్టండి. రాయికి రాయి తగిలితే దారి పొడవునా బీటలు పడతాయి. ప్రతి పొట్లం మీద ఏ రోజు, ఏ గండి దగ్గర దొరికిందో రాయండి. వచ్చే ఏడాది మళ్లీ వెళ్లేటప్పుడు మీకు అదే మ్యాపు.

ఇండియాకు తీసుకెళ్లాలనుకుంటే మట్టి రేణువు లేకుండా కడిగి ఆరబెట్టండి, చెక్-ఇన్ సామానులోనే పెట్టండి.

10. కోయించడం

టైల్స్ కోసే గ్రైండర్‌తో ఇంట్లో పొడిగా కోయాలని చూడకండి. అగేట్ అంటే మొత్తం సిలికానే. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. గుజరాత్‌లోని ఖంభాత్‌లో తరతరాలుగా అగేట్ సానబట్టే కుటుంబాలు ఆ జబ్బుతో నలిగిపోయాయి. ఇదే జబ్బు కారణంగా ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి వంటగది గట్లకు వాడే కృత్రిమ రాతి పలకలనే నిషేధించింది. నీళ్లు లేదా నూనె పోస్తూ కోసే డైమండ్ రంపమే వాడాలి. ఆస్ట్రేలియాలో చాలా ఊళ్లలో లాపిడరీ క్లబ్బులు, అంటే రాళ్లు కోసి సానబట్టేవాళ్ల సంఘాలు, ఉన్నాయి. సభ్యత్వం తీసుకుంటే రంపం వాడటం నేర్పుతారు. సొంతంగా మెషీన్ కొనేముందు ఒక ఏడాది అక్కడ నేర్చుకోండి.

కోసే ముందు రాయిని తడిపి అన్నివైపులా చూడండి. గుడ్డులా ఉన్న గడ్డను పొడుగ్గా కోస్తే ముఖం పెద్దగా వస్తుంది, అడ్డంగా కోస్తే వలయాలు గుండ్రంగా వస్తాయి. పైకి ఏదైనా పగులు కనిపిస్తుంటే గీత ఆ పగులు మీదుగానే పోయేలా పెట్టండి, అప్పుడు రెండు ముక్కలూ దక్కుతాయి. మార్కర్‌తో గీత గీసుకున్నాక ఒక రాత్రి అలా వదిలేసి, మర్నాడు ఇంకోసారి చూసి, అప్పుడు రంపానికి బిగించండి. రంపం మెల్లగా దిగనివ్వండి, చేత్తో నెట్టకండి. పిడికిలంత రాయికి కొన్ని నిమిషాలు పడుతుంది. చివరి పెచ్చు తెగి రెండు సగాలూ విడిపోయాక నీళ్లతో కడిగి వెలుతురులోకి తీసుకెళ్లండి. ఆ రంగులను మీకంటే ముందు చూసినవాళ్లు ఎవరూ లేరు.